బొట్టు పెట్టిన తూటా

"ఆ తుపాకి మళ్ళా ఈ గడప దాటి లోపలికి వచ్చిందంటే, మనలో ఎవరో ఒకరికి ఏదో ఒకటి అయ్యేది ఖాయం. చెప్తా ఉండాను, వినండి."

ఇడ్లీ పళ్ళెం ఆయన ముందు పెడుతూనే ఆ మాట అనేశాను. పండగ ముందు ఇంట్లో అపశకునం మాట ఎందుకని పొద్దున్నించీ నోరు బిగపట్టుకునే ఉన్నాను. కానీ ఆయన స్నానం చేసి వచ్చి, "రేపు పోలీస్ స్టేషన్‌కి పోయి తెచ్చేస్తా, ఇస్త్రీ చొక్కా బయట పెట్టు" అని హాయిగా చెబుతుంటే ఇక ఆగలేకపోయాను.

మా ఆయన రాజగోపాల్ ఇడ్లీ తుంచి చట్నీలో ముంచారు.

"నీకు గ్యాస్ సిలిండరంటే భయం. గీజరంటే భయం. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే భయం. రెండువేల సంవత్సరం వస్తే భూమి నిలబడిపోతాదేమో అని భయం. నీ మాట విని ఒక్కొక్కటే బయట పారేస్తే ఇంట్లో గోడలు తప్ప ఏమీ మిగలవు."

"గోడలన్నా నాకు భయమే. ఆ మూల బీట కొట్టింది చూసినారా?"

వంటింటి గుమ్మంలో మా కోడలు శిరీష కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా నవ్వారు. నేను నవ్వలేదు. మా ప్రసాద్ నవ్వలేదు.

వాడు అత్తిబెలె ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసి, కంపెనీ బస్సు దిగి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పళ్ళెంలో చెయ్యి పెట్టి ఆపేశాడు.

"నాయనా, ఎలక్షన్లని జమ చేసినాం. అక్కడే ఇంకొన్నాళ్ళు ఉండనీ. ఏం తొందర?"

"ఓట్లు లెక్కపెట్టేది గూడా అయిపోయింది. అందరూ తెచ్చుకుంటా ఉండారు. వచ్చే వారం ఆయుధ పూజ. స్కూటరుకి బొట్టు, మిక్సీకి బొట్టు, మీ అమ్మ కత్తిపీటకి బొట్టు. తుపాకి ఉండాల్సిన చోట ఏం పెట్టేది? చీపురా?"

"పోయిన ఏడు పెట్టినాం కదా బొట్టు. స్టేషన్లో దాన్ని అందరూ చూసినారు కదా."

ఆయన చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశారు.

స్టేషన్ మాట ఎత్తకూడదని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అయినా ఎలక్షన్ల ముందు నుంచి ఎవరూ ఎత్తలేదు.

మా మామగారు వెంకటగిరియప్ప పెట్టిపోయిన ఆచారం ఇది. ఖాళీది పూజకు పెట్టకూడదంటారు మా వాళ్ళు. బిందె అయినా అంతే, తుపాకి అయినా అంతే. హొసకోటె పక్కన ద్రాక్షతోట ఉన్న రోజుల్లో ఆయన ఆయుధ పూజ నాడు ఒక తూటాకి గంధం రాసి, కుంకుమ పెట్టి, గొట్టంలో వేసి పూజకు పెట్టేవారు. హారతి అయ్యాక తోటలోకి పోయి ఆకాశం మీదికి పేల్చేవారు. తీగల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచేవి. దాంతో పండగ ముగిసినట్టు.

ఇప్పుడు తోట లేదు. తోట ఉన్న చోటే లేఅవుట్ వేశారు. మా ఇల్లు, పక్కన ఫయాజ్ వాళ్ళ ఇల్లు, ఎదురుగా ఇంకా కడుతున్న ఇల్లు. పేల్చడానికి ఆకాశం ఉంది గానీ చోటు లేదు. అందుకని మా ఆయన తూటా వేసి పూజ చేస్తారు, హారతి అయ్యాక తీసి డబ్బాలో పెట్టేస్తారు.

తీసేస్తారనే అనుకున్నాం.

ఎలక్షన్లకు ముందు లైసెన్సు తుపాకులన్నీ జమ చేయమంటే తండ్రీ కొడుకులు స్టేషన్‌కి పోయారు. హెడ్ కానిస్టేబుల్ మునినారాయణప్ప తుపాకిని నడుమ మడిచి రెండు గొట్టాల్లోకీ చూస్తే, ఒక దాంట్లోంచి తూటా జారి బల్ల మీద పడింది. దాని మీద ఎండిపోయిన గంధం. గంధం మీద కుంకుమ.

పోయిన దసరా నుంచి అప్పటిదాకా ఆ తుపాకి నిండుగానే మా బీరువాలో నిలబడి ఉంది. నా పట్టుచీరల వెనక. పెళ్ళికని, నోముకని ఆ చీరలు నేను ఎన్నిసార్లు లాగానో లెక్క లేదు.

"నేను తీసినాను." ఆయన నెమ్మదిగానే అన్నారు. "హారతి అయినాక తీసినాను. డబ్బాలో వేసి మూత పెట్టినాను. నాకు బాగా జ్ఞాపకం ఉండాది. ఎవరో మళ్ళా పెట్టినారు."

"ఎవరు పెడతారు నాయనా?"

"అదే నేనూ అడిగేది. ఎవరు?"

ఆయన చూపు ప్రసాద్ మీదే ఉంది.

"నన్ను చూస్తావేం?"

"లైసెన్సు నీ పేరుకి మార్చమని అడిగేది ఎవరు? నేను బతికి ఉండగానే నా తుపాకి మీద కన్నేసినోడు ఎవరు?"

ప్రసాద్ పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

"తిని పోప్పా. రాత్రంతా నిలబడి వచ్చినావు."

"చాలమ్మా."

గది తలుపు పడింది. ఆయన మాత్రం ఇంకో ఇడ్లీ వేయించుకున్నారు.

"వాడు కాకుంటే ఆ ఎదురింటి పనోడు ఎల్లయ్య. సున్నం వేసినప్పుడు బీరువా జరిపింది వాడే కదా?" గొంతు తగ్గించారు. "చూడు వరూధినీ. మొన్న రైలు గేటు అవతల లేఅవుట్లో కిటికీ ఊచలు జాకీ పెట్టి వంచి లోపలికి దూరినారు. ముసలాయన్ని కట్టేసి కొట్టినారు. ఆయన చేతిలో ఏముండె? టార్చి. టార్చి పట్టుకొని నిలబడినాడు పాపం. నేను అట్ల నిలబడను."

అది వింటే ఆయన చెప్పేదే సరి అనిపించింది. నాకు అదే కష్టం. తుపాకి వస్తుందంటే దానికి భయపడతాను. రాదంటే దొంగలకు భయపడతాను.

* * *

ఎదురింటి పనిలో ఉన్న ఎల్లయ్య, ఈరమ్మ పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇటుకలు పేర్చి, పైన రేకులు వేసుకుని అక్కడే ఉంటారు. నీళ్ళకు మా సంపు దగ్గరికి వస్తుంది ఈరమ్మ. మంచిదే. కానీ ఆ రోజు బిందె ముంచుతున్న ఆమె వీపు చూస్తుంటే కూడా నాకు అనుమానమే వేసింది.

"ఈరమ్మా, సున్నం వేసిన రోజు మీ ఆయన లోపల బీరువా జరిపినాడు కదా?"

"జరిపిండమ్మ. నడుం వట్టేసి పండుకుండు తెల్లారి. శొంఠి పట్టేసిన."

"అది కాదు. తాళం గీళం ఊడి ఉండెనా అప్పుడు? లోపల ఏమన్నా చూసినాడా అని."

బిందె నీళ్ళలోనే వదిలేసి ఆమె నా వైపు తిరిగింది.

"ఏం చూడాల్నమ్మ?"

"ఏమీ లేదు. ఊరికే అడిగినాను."

"ఊరికే అడిగినట్టు లేదు. దొంగల ముచ్చట లేసినకాన్నుంచి అందరు మా దిక్కే చూస్తున్రు. అక్కడ షాపాయన చూస్తడు, ఇక్కడ నువ్వు చూస్తున్నవ్. మేం ఇండ్లు కట్టెటోళ్ళం తల్లీ, ఇండ్లు దోసెటోళ్ళం గాదు."

"అంత మాట నేనేమన్నాను?"

"అననీకి నోరే గావాల్నా?"

బిందె భుజానికెత్తుకుని పోయింది. మామూలుగా గేటు దగ్గర ఆగి, కూర ఏం వండానని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

అంత కోపం ఎందుకు? తప్పు లేని మనిషికి అంత కోపం వస్తుందా? వస్తుందేమో. నాకైతే వస్తుంది. లోపలికి వచ్చి బీరువా ముందు నిలబడ్డాను. తాళం ఎప్పటిలాగే బిగించి ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా విప్పరు. పట్టుచీర కావాలంటే నేను ఆయన పక్కన వచ్చి నిలబడి అడగాలి. మరి ఎల్లయ్య ఎలా తెరుస్తాడు? ప్రసాద్ అయినా ఎలా తెరుస్తాడు?

ఆ ప్రశ్న అక్కడే వదిలేశాను. దాని వెంట పోతే ఎక్కడ తేలుతానో అని భయం వేసింది.

* * *

మధ్యాహ్నం ఆయన బూడిదగుమ్మడికాయ తెస్తానని బజారుకు పోయారు. ప్రసాద్ పడుకున్నాడనుకుని నేను చప్పుడు కాకుండా హాల్లోకి వచ్చాను. వాడు పడుకోలేదు. నాకు వీపు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అవును సార్... రేపు వస్తాడు... ఆయన చేతికి ఇయ్యద్దు. ఏదో ఒకటి చెప్పి ఆపండి... నాయనకి తెలీకూడదు సార్. నేను చెప్పినానని అసలే తెలీకూడదు."

నేను తెర వెనక్కి జరిగాను. కన్నకొడుకు మాటలు దొంగలా వినాల్సి వచ్చింది.

నా బుర్రకు మంచి ఆలోచన ఎప్పుడూ ముందు రాదు. వాడి ఫ్యాక్టరీలో యూనియన్ల గలాటా నడుస్తోంది. గేటు దగ్గర ఎవరినో కొట్టారని వాడే చెప్పాడు. తుపాకి తన పేరుకు మార్చుకుని ఏం చేస్తాడు? ఎవరి మీదికి పోతాడు? లేక ఎవరైనా వీడి మీదికి వస్తున్నారా? తండ్రిని పనికిరానివాడని పోలీసుల ముందు చూపించి, ఈ ఇంట్లో పెత్తనం చేతిలోకి తీసుకుంటాడా? ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వాడు ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి నేను వంటింట్లో ఖాళీ గిన్నె కడుగుతున్నాను.

"అమ్మా, నాయన వచ్చినాడా?"

"రాలేదు."

"ఒక్కడే పోయినాడా?"

"ఎప్పుడూ ఒక్కరే కదా పోయేది. ఏం?"

"ఏమీ లేదు."

వాడు చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా పోయాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. వాళ్ళ నాయన స్కూటరు మలుపు తిరగడం చూశాక, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చి పడుకున్నాడు.

* * *

శిరీష మిద్దె మీద ఎండిన బట్టలు తీస్తోంది. మెట్ల తలుపు గొళ్ళెం పెట్టి మరీ దాని దగ్గరికి పోయాను.

"నీ మొగుడికి తుపాకి ఎందుకే?"

చేతిలోని దుప్పటి జారిపోయింది దానికి.

"ఏం తుపాకి అత్తా?"

"నా దగ్గర ఆటలాడద్దు. పొద్దున తండ్రి ఎదురుగా ఒక మాట, మధ్యాహ్నం ఫోన్లో ఒక మాట. వాళ్ళ నాయనకి తెలీకుండా పోలీసాయనతో మాట్లాడేంత పని ఏముండాది వానికి? ఎవరితోనన్నా పెట్టుకున్నాడా? చెప్పు. ఏదైనా సరే చెప్పు. నేను అంతకంటే పెద్దదే అనుకుని ఉంటాను, నువ్వు చెప్పేది ఏదైనా చిన్నదే అవుతాది."

దుప్పటి ఒక కొస నాకిచ్చి, రెండో కొస అది పట్టుకుంది. మడత పెట్టడానికి దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఆయనకి తుపాకి వద్దే వద్దత్తా."

"మరి పేరు మార్చమంటాడు?"

"పేరు మారితే దాన్ని ఈ ఇంట్లోకి రాకుండా చెయ్యొచ్చని. మామ పేరు మీద ఉన్నంతకాలం మామ ఇష్టమే కదా."

"మీ మామకి ఏమొచ్చింది? ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినాడు. చీకట్లో చెయ్యి పెట్టి ఏ బోల్టు ఎక్కడుండాదో చెప్పేవాడు."

అది దుప్పటి కొస వేలికి చుట్టుకుంది.

"శిరీషా."

"ఫయాజ్ అన్నని అడుగు అత్తా. నన్ను అడగద్దు. నాతో ఒట్టు వేయించుకున్నారు."

"ఎవరు? ప్రసాదా?"

దుప్పటి నా చేతుల్లో పెట్టేసి, గొళ్ళెం తీసి కిందికి దిగిపోయింది.

* * *

ఫయాజ్ ఆఫీసు నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చున్నాను. మా ఆయన లోపల కత్తిపీట సానపెడుతున్నారు. ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఫయాజ్‌ది హిందూపురం. మా ప్రసాద్ కంటే రెండేళ్ళు పెద్దవాడేమో. కారు దిగుతూనే నన్ను చూసి, ముఖం పక్కకు తిప్పబోయాడు. అప్పుడే నాకు సగం తెలిసిపోయింది.

"మా ఇంటాయన సంగతి ఏం దాస్తా ఉండావప్పా?"

"ఆంటీ... అట్లేం లేదు."

"నా కండ్లలోకి చూసి చెప్పు."

వాళ్ళ గుమ్మంలోకి అతని భార్య సమీనా వచ్చింది. "చెప్పేయండి. ఎన్ని దినాలు ఇట్ల తప్పించుకొని తిరుగుతారు? నాకైతే ఆంటీ ముఖం చూస్తేనే బేజారు అయితాది," అంది.

ఫయాజ్ కారు తలుపు మూసి దానికే ఆనుకున్నాడు.

"శ్రావణంలో ఒక దినం ఆంటీ. హొసకోటె బస్టాండు దగ్గర సిగ్నల్లో ఆగితే, అంకల్ బెంచీ మీద కూర్చోని కనిపించినారు. బస్సులు వస్తా ఉండాయి, పోతా ఉండాయి, అంకల్ లేవడంలేదు. దిగి పోయి 'ఏం అంకల్ ఇక్కడ?' అంటే..." ఆగాడు. "ఫ్యాక్టరీ బస్సు ఇంకా రాలేదు, ఈ రోజు షిఫ్టుకి లేటయిపోతాది అన్నారు."

మా ఆయన రిటైరై ఆరేళ్ళు దాటింది.

"ఎగతాళికి అని ఉంటారు."

"నేనూ ఫస్ట్ అట్లే అనుకున్నా ఆంటీ. కార్లో ఎక్కించుకున్నా. దారిలో సర్దుకున్నారు. మాటలు నార్మల్‌గానే ఆడినారు. ఇంటి దగ్గర దిగేముందు నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా. 'మీ ఆంటీకి చెప్పద్దు ఫయాజ్, ఆమె భయపడతాది' అన్నారు. నేను ప్రసాద్‌కి ఒక్కడికే చెప్పినా. తుపాకి ఉండే ఇల్లు కదా, చెప్పకుండా ఎట్లుండేది?"

సమీనా వచ్చి నా భుజం పట్టుకుంది. పడిపోతాననుకుంది కాబోలు. నేను పడలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు.

వచ్చిందల్లా కోపమే. కారని గ్యాస్‌కి వాసన చూస్తాను. లేని దొంగకు తలుపు తీసి చూస్తాను. పక్కన పడుకున్న మనిషిలో ఇంత జరుగుతుంటే, నాకు భయం వేస్తుందని నా దగ్గరే దాచారు.

ఇంట్లోకి వస్తే ఆయన సానపెట్టిన కత్తిపీట వెలుతురులో తిప్పి చూసుకుంటున్నారు.

"చూడు, ఎంత నున్నగా వచ్చిందో. మా ఫ్యాక్టరీలో ఓబళప్ప అని ఒకడుండె. చెయ్యి తెగినా పని ఆపేవాడు కాదు..."

ఓబళప్ప కథ మొత్తం చెప్పారు. ఏ మిషను, ఏ మూల, ఎవరు పరుగెత్తుకొచ్చారు, అన్నీ తడుముకోకుండా చెప్పారు. వింటుంటే ఫయాజ్ చెప్పింది అబద్ధమేమో అనిపించింది. అబద్ధమైతే బాగుండునని దేవుడి పటం వైపు చూశాను. కాఫీ ఇస్తే చక్కెర చాల్లేదన్నారు. అది కూడా సరిగ్గానే చెప్పారు. నిజంగానే తక్కువ వేశాను.

"ఏమే, అట్ల చూస్తావు?"

"ఏమీ లేదు."

"మళ్ళా ఏదో భయం పట్టుకుంది నీకు," అని నవ్వారు.

* * *

మునినారాయణప్ప తెల్లారి డ్యూటీకి పోతూ మా ఇంటి ముందు మోటారు సైకిలు ఆపాడు. ఖాకీ చూడగానే ఎదురింటి పనివాళ్ళు తట్టలు దించి నిలబడ్డారు. ఈరమ్మ కూడా.

"అక్కా, ఒక కాఫీ ఇయ్యక్కా. స్టేషన్ కాఫీ తాగి నాలుక చచ్చిపోయింది," అంటూ వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ మోకాలికి తగిలించుకున్నాడు.

కాఫీ ఇస్తే సగం తాగి లోపలికి ఒక చూపు చూశాడు. ఆయన గదిలో బట్టలు మార్చుకుంటున్నారు. ప్రసాద్ గుమ్మానికి ఆనుకుని నేల చూస్తున్నాడు.

"సార్ కాగితాలన్నీ సరిగా ఉండాయి అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "లైసెన్సు ఉండాది, ఎలక్షన్ అయిపోయింది. ఇయ్యను అనేకి నాకు కారణం లేదు. కాని ఆ తూటా నా బల్ల మీద పడిన చప్పుడు ఉంది చూడు, అది నా చెవిలోంచి పోలేదు. ఇంట్లో మనిషి వద్దంటే నేను పై ఆఫీసరుతో ఒక మాట చెప్పుకుంటా. సుమ్నె, ఊరికే అక్కడే ఉంటాది. ఇంట్లో మనిషంటే నువ్వే కదక్కా. చెప్పు. ఇచ్చేదా, వద్దా?"

ప్రసాద్ తలెత్తాడు. పొద్దున్నించీ మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

వద్దు అన్న ఒక్క మాటకు నా నోరు రాలేదు. నిన్న ఇడ్లీ పళ్ళెం పెడుతూ తెగించి అన్న మాటే అది.

వద్దంటే ఎందుకని అడుగుతారు. చెప్పాలి. ఆయనకు మతి సరిగా లేదని, ఖాకీ బట్టల మనిషి ముందు, పెళ్ళాన్నైన నేనే చెప్పాలి. సాయంత్రానికి లేఅవుట్ అంతా తెలుస్తుంది. రేపటి నుంచి స్కూటరు బయటికి తీస్తే కూడా ఎవరో ఒకరు ఆపుతారు. సరే అంటే, ఆ తుపాకి మళ్ళీ నా చీరల వెనకకు వస్తుంది. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

"ఇప్పుడే వస్తా," అని లోపలికి పోయాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోది చేతిలో ఉంది. బీరువా తలుపు తీసి ఉంది. నా చీరలన్నీ ఒక పక్కకు సర్ది, తుపాకికి చోటు చేసి పెట్టారు.

తలుపు దగ్గరికి వేసి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఒక్క మాట అడుగుతాను. కోపం చేసుకోవద్దు. పోయిన పండక్కి, హారతి అయినాక, ఆ తూటా తీసినారా?"

ఆయన నన్ను చూడలేదు. చేతిలో మేజోడు చూశారు. దాన్ని తిరగేశారు, మళ్ళీ సరి చేశారు.

బయట మునినారాయణప్ప దగ్గాడు. ఎదురింట్లో ఎవరో ఇనుప చువ్వ నేలకేసి కొడుతున్నారు. కొట్టడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. శిరీష వచ్చి తలుపు దగ్గర ఆగిన గాజుల చప్పుడు, మళ్ళీ వెనక్కి పోయిన చప్పుడు. నిన్న ఇడ్లీ తింటూ కొడుకుని నిలదీసిన మనిషేనా అనిపించేంత నెమ్మదిగా ఆయన ఊపిరి తీస్తున్నారు. ఇంకోసారి అడుగుదామని నోరు తెరిచి మూసేశాను. నా జన్మలో అంతసేపు నేను మాట్లాడకుండా కూర్చున్నది లేదు.

"చేతికి గుర్తు లేదు," అన్నారు చివరికి.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"తీసినానని నోరు చెప్తా ఉండాది. చెప్పి చెప్పి నాకే నిజమనిపిస్తాది. కాని చేసిన పని చేతికి గుర్తుంటాది వరూధినీ. నా చేతికి అది లేదు." అరచేయి చాపి చూసుకున్నారు. "మొన్న సందకాడ సంచి భుజాన వేసుకొని ఒకడు గేటు తీసినాడు. ఎవడ్రా వీడు అనుకున్నా. కట్టె కోసం చూసినా. వాడు నాయనా అని పిలిచినాడు. పిలిచినాక గూడా... కొంచేపు పట్టింది."

గుమ్మం అవతల మా ప్రసాద్ గొంతు వినిపిస్తోంది. పోలీసాయనకు ఇంకో కాఫీ కావాలేమో అడుగుతున్నాడు.

నేను లేచాను.

"అయితే వద్దని చెప్పేద్దాం. ఆయప్ప బయటనే ఉండాడు. రండి, ఇద్దరం చెప్దాం."

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"నేను చెప్పలేను. నువ్వే చెప్పు. నాకు మతి లేదని చెప్పొద్దు." మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. "నీకు భయమని చెప్పు. నీకు భయమంటే, ఎందుకని ఎవరూ అడగరు."